స్వచ్ఛంద సంస్థకు ఉమ్మడి బుక్‌మార్కులు: ఏర్పాటు, నిర్వహణ

చిన్న స్వచ్ఛంద సంస్థల్లో రోజువారీ పనికి కావలసిన లింకులు చాలావరకు అకౌంట్సు చూసే ఒకరి బ్రౌజరులోనో, వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో వచ్చిన సందేశాల అడుగునో ఉండిపోతాయి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు ఉన్న సంస్థ ఆర్థిక సంవత్సరం ముగిసిన 9 నెలల్లోగా, అంటే డిసెంబరు 31 లోపు, ఎఫ్‌సీ-4 వార్షిక రిటర్నును దాఖలు చేయాలి. ఆ పని చూసే ఉద్యోగి నవంబరులో మానేస్తే, కిందటేడు ఏ సూచనలు చూసి ఫారం నింపారో తెలియక కొత్తగా వచ్చినవారు మొదటినుంచి వెతుక్కోవలసి వస్తుంది. అందరూ కలిసి లింకులు దాచుకునే ఉమ్మడి బుక్‌మార్కుల ఖాతా ఒకటి ఉంటే ఈ ఇబ్బంది తప్పుతుంది.

ఖాతాను ఎవరి సొంత ఈమెయిలుతోనూ తెరవకండి. సంస్థ పేరుతో ఉన్న ఈమెయిలుతో తెరిచి, కనీసం ఇద్దరికి నిర్వహణ హక్కులు ఇవ్వండి. పలువురు కలిసి లింకులు చేర్చుకోవడానికి రెయిన్‌డ్రాప్ అనే బుక్‌మార్కుల సేవ సులువుగా ఉంటుంది. నివేదికలు, పరిశోధన పత్రాలు ఎక్కువగా చదివే సంస్థలకు, అలాంటి పత్రాలను సేకరించి పెట్టుకునే జొటేరో మేలని నా అభిప్రాయం. అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, గ్రూపు లైబ్రరీలు ఉచితం, జతచేసే ఫైళ్లకు మాత్రం ఉచిత నిల్వ 300 ఎంబీ వరకే.

అసలు శ్రద్ధ పెట్టవలసింది ట్యాగుల మీద, అంటే లింకు ఏ విషయానిదో తెలిపేలా దానికి తగిలించే మాటల మీద. ఒకరు ‘విరాళం’ అని, మరొకరు ‘విరాళాలు’ అని, ఇంకొకరు ‘డొనేషన్’ అని రాస్తే సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి మూడు వేర్వేరు విషయాలు, ఒకదాని కింద వెతికితే మిగిలిన రెండూ కనిపించవు. అందువల్ల లింకులు చేర్చడం మొదలుపెట్టక ముందే అందరూ కూర్చుని ఇరవైకి మించకుండా ట్యాగులు నిర్ణయించుకుని, ఎప్పుడూ ఏకవచనమే వాడాలనీ, ఏ మాట తెలుగులో, ఏది ఇంగ్లీషు లిపిలో రాయాలో ముందే తేల్చుకోవాలనీ నియమం పెట్టుకోవడం మంచిది. ప్రతి లింకు కింద అది ఎందుకు పనికొస్తుందో ఒక్క వాక్యం రాయమనండి. క్షేత్రస్థాయి కార్యకర్తకు ఆ వాక్యం తెలుగులో ఉంటేనే ఉపయోగం.

ప్రభుత్వ సర్క్యులర్ల చిరునామాలు తరచుగా మారిపోతుంటాయి. కాబట్టి ముఖ్యమైన పేజీని, వెబ్ పేజీల నకళ్లను దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరిచి, పీడీఎఫ్ ఉంటే సంస్థ డ్రైవులో కూడా దాచి, చూసిన తేదీ వేయండి.

ఒక విషయంలో మాత్రం ఏమాత్రం ఉదాసీనత పనికిరాదు. లబ్ధిదారుల పేర్లు, ఆధార్ నంబర్లు, ఆరోగ్య వివరాలు ఉన్న షీట్ల లింకులను ఈ ఖాతాలో ఎన్నడూ చేర్చకూడదు, ఎందుకంటే లింకు ఉన్నవారెవరైనా తెరవగలిగేలా ఆ షీటు పెట్టి ఉంటే, మనల్ని నమ్మి వివరాలిచ్చిన కుటుంబాలను మనమే బయటపెట్టినట్టవుతుంది. పాస్‌వర్డులను కూడా వివరణ గడిలో రాయకుండా, వాటికోసమే ఉన్న బిట్‌వార్డెన్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఉంచండి.

ఏ సేవా శాశ్వతమని నమ్ముకోవడానికి లేదు. 2003లో మొదలై, స్వచ్ఛంద సంస్థల వారు కూడా ఎంతో ఇష్టంగా వాడిన డెలిషియస్ అనే బుక్‌మార్కుల సేవను 2005లో యాహూ కొన్నది. చేతులు మారుతూ వచ్చి 2017లో అలాంటిదే మరో సేవ అయిన పిన్‌బోర్డు వారికి చేరాక అందులో కొత్త లింకులు చేర్చడం ఆగిపోయింది. లింకులను తర్వాత చదవడానికి దాచుకునే, మొజిల్లా వారి పాకెట్ సేవ 2025 జూలై 8న మూతపడింది. అందుకే మూడు నెలలకోసారి బుక్‌మార్కులన్నిటినీ ఎగుమతి చేసి కార్యాలయంలో దాచుకోవాలి. రెయిన్‌డ్రాప్ ఇచ్చే హెచ్‌టీఎంఎల్ ఫైలును క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ చదవగలవు. అదే రోజున పనిచేయని లింకులను తొలగించి, సంస్థ విడిచి వెళ్లినవారి ప్రవేశ హక్కులను రద్దు చేయండి.