లైను కుర్రాళ్ల ఫోన్లు

బరంపురంలో మాది మందుల హోల్‌సేల్ కొట్టు. పర్లాకిమిడి, గుణుపురం లైన్లకెళ్లే, అంటే ఆ దారిలో దుకాణాలు తిరిగే కుర్రాళ్లకి ఫోనిచ్చే ముందే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి, వచ్చిన ఐఎంఈఐ నంబర్లు (ఒక్కో ఫోనుకి విడిగా ఉండే గుర్తింపు నంబర్లు) ఖాతా పుస్తకంలో రాసుకుంటాను. స్క్రీన్‌లాక్‌తో పాటు సిమ్‌కీ పిన్ పెట్టండి. చాలామంది వదిలేసేది ఇదే. ఫోనుకి లాకున్నా, సిమ్ తీసి వేరే దాంట్లో వేస్తే ఓటీపీలన్నీ దొంగ చేతికే.

నిరుడు గుణుపురం బస్సులో ఒక ఫోను పోయింది. పిల్లాడు భయపడి సాయంత్రం దాకా చెప్పలేదు. అప్పట్నుంచి మొదటిరోజే చెబుతున్నాను: "పోతే తిట్టను నాయనా, వెంటనే చెప్పు." కబురందగానే గూగుల్ ఖాతాలోంచి ఫోను లాక్ చేసి, సిమ్ ఆపించి, పోలీసు ఫిర్యాదు కాపీతో సీఈఐఆర్‌లో (పోయిన ఫోన్లని ఆపే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో) ఐఎంఈఐ బ్లాక్ చేయించాలి. డబ్బు కూడా పోయుంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

సొంత ఫోనే వాడతానన్నవాళ్లకి వర్క్ ప్రొఫైల్ పెట్టించండి, అంటే ఆండ్రాయిడ్ ఫోనులో ఆఫీసు యాప్‌లకి వేరే గదిలాంటిది. మనిషి మానేస్తే అదొక్కటే తీసేయొచ్చు. వాళ్లింటి ఫోటోల జోలికి మనం పోకూడదు.