1820ల నాటి న్యూయార్క్ ప్రోనోటు: వడ్డీ హద్దు దాటిందో లేదో తేల్చడం ఎలా

అప్పటి బ్యాంకు ప్రోనోటు పరిశీలించేటప్పుడు ముందు చూడాల్సింది వడ్డీ రేటు కాదు, రోజుల లెక్క. రేటు 7 శాతం అనే ఉంటుంది, ఎందుకంటే 1787 చట్టం పెట్టిన హద్దు అదే. ఆ హద్దు దాటినట్టు రుజువైతే పత్రమే చెల్లదు. బ్యాంకుకు వడ్డీతో పాటు అసలు కూడా పోతుంది.

1000 డాలర్ల అప్పు, 90 రోజుల గడువు అనుకోండి. దానికి 3 గ్రేస్ రోజులు (గడువు తీరాక చెల్లింపుకు ఇచ్చే అదనపు రోజులు) కలపండి. ఆ రోజుల్లోనూ సొమ్ము అప్పు తీసుకున్నవాడి దగ్గరే ఉంటుంది కాబట్టి వాటికి వడ్డీ పట్టడం తప్పు కాదు. (వాషింగ్టన్‌లో ఆనవాయితీ 4 రోజులు. 1824లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకుంది.) ఇక 1000ని 7తోనూ 93తోనూ హెచ్చవేసి, 100తోనూ 365తోనూ భాగించండి: 17 డాలర్ల 84 సెంట్లు. పత్రం మీద 18 డాలర్ల 8 సెంట్లు కనిపిస్తే, గుమస్తా ఏడాదికి 360 రోజులు వేసే రౌలెట్ అనే వడ్డీ పట్టికలు చూసి రాశాడన్నమాట. తేడా పాతిక సెంట్ల లోపే, కానీ రేటు 7.10 శాతమైంది. 1824లో బ్యాంక్ ఆఫ్ యుటికా, వేగర్ వ్యాజ్యంలో న్యూయార్క్ కోర్టు దీన్నే అధిక వడ్డీ అంది. బ్యాంకులన్నీ ఇలాగే లెక్కిస్తాయన్న వాదన నిలవలేదు, ఆనవాయితీ చట్టాన్ని మార్చలేదు. కూడికలో పొరపాటైతే క్షమించేవారే. తెలిసి ఆ పట్టిక వాడాక దురుద్దేశం లేదంటే కుదరదు.

చాలామంది తడబడేది తర్వాతి మెట్టులో. బ్యాంకు వడ్డీ ముందే కోసుకుని 982 డాలర్ల 16 సెంట్లే చేతిలో పెట్టింది. అందిన సొమ్ము మీద లెక్కిస్తే రేటు 7.13 శాతం, అంటే 360 రోజుల లెక్క కంటే భారం. అయినా దాన్ని తప్పుల్లో కలపకండి. స్వల్పకాలిక వ్యాపార పత్రాల మీద ముందుగా వడ్డీ మినహాయించుకోవడం ఇంగ్లండ్ కోర్టుల కాలం నుంచీ చెల్లుతోంది. 1823లో ఫ్లెక్నర్ వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ స్టోరీ కూడా ఆ మాటే ఖాయం చేశారు. లెక్కప్రకారం చూస్తే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ తీర్పు చదివేటప్పుడు కోర్టు గీత ఎక్కడ గీసిందో అక్కడే నిలబడాలి.

అప్పు ఏ రూపంలో ఇచ్చారో కూడా చూడండి. విలువ పడిపోయిన కెంటకీ బ్యాంకు నోట్లు ఇచ్చి, వాటి ముఖవిలువ మొత్తాన్నీ తిరిగి కట్టమన్న బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ 1829లో ఓవెన్స్ మీద సుప్రీంకోర్టులో ఓడిపోయింది. అక్కడ చార్టర్ (ఆ బ్యాంకును స్థాపించిన చట్టం) పెట్టిన వడ్డీ హద్దు 6 శాతం.

పత్రం తేదీ 1830 తర్వాతిదైతే పై లెక్క నేరుగా వాడకండి. సవరించిన న్యూయార్క్ చట్టం, వడ్డీ లెక్కకు నెలను ఏడాదిలో పన్నెండో వంతుగా, 30 రోజులుగా తీసుకోమంది.