ఫోన్ పక్కగదిలో పెట్టి 45 నిమిషాలు కూర్చోవడం ఎలా

రాయడానికో బొమ్మ గీయడానికో కూర్చున్నప్పుడు ఫోన్ చూసిన అర నిమిషంతో పోయేది తక్కువే. తిరిగొచ్చాక కూడా ఆ చూసింది బుర్రలో మెదులుతూనే ఉంటుంది చూడండి, అసలు నష్టం అక్కడ. పని మారినా మనసు కొంత పాత పని దగ్గరే చిక్కుకుంటుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో చూపించారు.

ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి బోర్లిస్తే చాలదు. చెయ్యి దానివైపు పోకుండా ఆపుకోవడమూ ఒక పనే కదా. పక్కగదిలో పెట్టండి. అవసరమైన కాల్ తప్పిపోతుందన్న బెంగ ఉంటే డూ నాట్ డిస్టర్బ్ (కాల్స్ మోగకుండా ఆపే సెట్టింగ్) ఆన్ చేసి, అందులో ఇంట్లోవాళ్ల నంబర్లకు అనుమతివ్వండి. రిపీట్ కాల్స్ కూడా ఆన్ చేయండి: అదే నంబరు నుంచి ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లో, ఐఫోన్‌లో 3 నిమిషాల్లో రెండో కాల్ వస్తే మోగుతుంది. రింగర్ వాల్యూమ్ మాత్రం తగ్గించకండి, లేకపోతే ఈ ఏర్పాటంతా దండగ. టైమ్ చూసుకోవడానికి చేతి గడియారం చాలు.

ఇక 45 నిమిషాలు. మధ్యలో ఏదో వెతకాల్సి వస్తుంది, చాలామంది జారిపోయేది ఇక్కడే. కథలో రైలు ఎన్నింటికి చేరుతుందో తెలియదనుకోండి. "రైలు ?? గంటలకు ఆగింది" అని రాసి ముందుకెళ్లండి. చివర్లో కంట్రోల్ ఎఫ్ నొక్కి ?? వెతికితే అన్నీ వరసగా దొరుకుతాయి. వాటిలో కొన్నింటితో ఆపాటికి పనే ఉండదు, ఆ వాక్యమే కొట్టేసి ఉంటారు.

కట్టని బిల్లు గుర్తొస్తే పక్కన తెల్లకాగితం మీద రాయండి. ఉత్తినే "బిల్లు" అని రాస్తే అది మళ్లీ మళ్లీ పీకుతుంది. "సాయంత్రం 6కి బిల్లు కట్టాలి" అని ఎప్పుడు, ఏమిటో తేల్చేస్తే మనసు వదిలేస్తుంది.

తర్వాత 10 నిమిషాల విరామం. ఆ పది నిమిషాలూ ఫోన్‌తో గడిపితే అది విరామమే కాదు. నడవండి. కూర్చున్నప్పటికంటే నడిచేటప్పుడు కొత్త ఆలోచనలు ఎక్కువ వస్తాయని 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గమనించారు, ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా సరే. అయితే ఒకే జవాబున్న చిక్కుముడికి నడక అంత కలిసిరాలేదు. కథ దారి తోచనప్పుడు లేచి నడవండి, తప్పులు దిద్దే పని మాత్రం కూర్చునే చేయండి.

జేబులో చిన్న కార్డు, పెన్సిల్ ఉంచుకోండి. తట్టినదాన్ని పూర్తి వాక్యంగా రాయాలి. మర్నాడు "కిటికీ" అని ఒక్క మాట కనిపిస్తే ఏ కిటికీయో అంతుపట్టదు. "కిటికీ మూసిన మనిషి లోపల ఉన్నాడా, బయటా?" అని ఉంటే అక్కణ్ణుంచి అందుకోవచ్చు.

ఫోన్ తెచ్చుకునే ముందు మరో పని ఉంది: రేపు మొదలుపెట్టాల్సిన వాక్యాన్ని సగం రాసి వదిలేయండి.