అజైడ్ నుంచి ఎమీన్: ముందు పక్కన ఏముందో చూడండి

గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీది గదిలో సాయంత్రాలు ఎమ్మెస్సీ పిల్లలకు ఆర్గానిక్ చెబుతుంటాను. "ఈ బ్రోమైడ్‌ని ప్రైమరీ ఎమీన్ (నైట్రోజన్‌కి ఒకే కార్బన్ అతికినది) చేయండి" అంటే సగం మంది అమోనియా అని రాసేస్తారు. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ పుట్టిన ఎమీన్ ఊరుకోదు, మిగిలిన బ్రోమైడ్ మీదికి తనే పోతుంది. చివరికి ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ అన్నీ కలిసిన పులగం మిగులుతుంది.

సోడియం అజైడ్‌తో (అజైడ్ అంటే మూడు నైట్రోజన్ల గొలుసు) ఆ బాధ లేదు. అజైడ్ ఒకసారి కార్బన్‌కి అతుక్కుంటే ఇంకో బ్రోమైడ్ జోలికి పోదు. ఇది ఎస్ఎన్2, అంటే వెనకవైపు నుంచి వచ్చి బ్రోమిన్‌ని నెట్టేసే చర్య కాబట్టి కైరల్ కార్బన్ (నాలుగు వేర్వేరు గుంపులున్నది) అయితే అమరిక తిరగబడుతుంది, గీసేటప్పుడు మర్చిపోకండి. టెర్షియరీ హాలైడ్ (హాలోజన్ ఉన్న కార్బన్‌కి మూడు కార్బన్లు అతికినది) దగ్గర ఈ దారి పట్టొద్దు. అజైడ్ వచ్చిందా అని ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) స్పెక్ట్రమ్‌లో 2100 cm⁻¹ దగ్గర చూస్తే చాలు, నిటారుగా గీత దిగి ఉంటుంది.

అసలు ఆలోచన ఇక్కడి నుంచి. అజైడ్‌ని ఎమీన్ చేయడానికి లిథియం అల్యూమినియం హైడ్రైడ్ అనేముందు అణువులో ఇంకేం ఉందో వేలు పెట్టి లెక్కపెట్టండి. ఎస్టర్, కీటోన్ ఉంటే అవీ పోతాయి. పల్లాడియం, హైడ్రోజన్ వాడితే డబుల్ బాండ్, నైట్రో పోతాయి, బెంజైల్ ఈథర్ కూడా ఊడిరావచ్చు. ఇవన్నీ మిగలాలంటే ట్రైఫినైల్‌ఫాస్ఫీన్, నీళ్లు. 1919 నాటి స్టాడింగర్ చర్య ఇది. పాలిమర్లకు 1953లో నోబెల్ అందుకున్న ఆ స్టాడింగరే. నైట్రోజన్ బుడగలు పోయి మధ్యలో ఇమినోఫాస్ఫొరేన్ ఏర్పడుతుంది, దాన్ని నీళ్లు విడగొడతాయి. అదే అణువులో అందే దూరంలో కీటోన్ ఉంటే మాత్రం నీళ్లకంటే ముందే అది అందుకుంటుంది, ఎమీన్ బదులు రింగు ఇమీన్ వస్తుంది. పరీక్షల్లో పట్టుకునేది ఇక్కడే. ల్యాబ్‌లో అసలు విసుగు ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ నుంచి మిగిలే ఫాస్ఫీన్ ఆక్సైడ్: కాలమ్‌లో (సిలికా నింపి పదార్థాల్ని వేరుచేసే గొట్టం) జిడ్డులా వెంటపడుతుంది. పలచని ఆమ్లంతో కడిగితే ఎమీన్ నీటి పొరలోకి దిగిపోతుంది, ఆక్సైడ్ ఆర్గానిక్ పొరలోనే ఉండిపోతుంది. అయితే సోడియం అజైడ్ లేశమైనా మిగలలేదని ముందే తేల్చుకోవాలి.

నా ప్రాజెక్ట్ రోజుల్లో ఒక అల్లైలిక్ అజైడ్ (డబుల్ బాండ్ పక్క కార్బన్ మీద అజైడ్ ఉన్నది) ఎన్ఎమ్ఆర్ స్పెక్ట్రమ్‌లో రెండు సెట్ల పీకులు కనిపించాయి. మలినం అనుకుని మూడుసార్లు కాలమ్ వేశాను, మూడుసార్లూ అవే రెండు. నిజానికి అజైడ్ డబుల్ బాండ్ ఆ చివరికీ ఈ చివరికీ జరుగుతూ ఉందట. విన్‌స్టీన్ పునర్విన్యాసం. అది తెలియక ఆ వారం సిలికా అంతా దండగ.

చేతిలో ఉన్నది ఆమ్లమైతే, ఆసిల్ అజైడ్ చేసి కర్టియస్ పునర్విన్యాసం: ఒక కార్బన్ తగ్గి ఎమీన్ వస్తుంది, కార్బన్ అమరిక మారదు. అజైడ్‌ని ఆల్కైన్‌తో కలిపి ట్రయజోల్ చేయాలంటే, వేడి చేస్తే 1,4, 1,5 (రింగులో గుంపులుండే స్థానాలు) రెండూ వస్తాయి; రాగి(I) వేస్తే 1,4 ఒక్కటే, రుథీనియం అయితే 1,5. 2022 నోబెల్‌లో ఆ రాగి పద్ధతికీ వాటా ఉంది.

ఇక అజైడ్లు పేలగలవు, టెన్షన్ పడాల్సిన చోట పడండి. కార్బన్లు, ఆక్సిజన్లు కలిపి నైట్రోజన్లతో భాగించండి. కనీసం 3 రావాలి. బెంజైల్ అజైడ్‌కి 7ని 3తో భాగిస్తే 2.33, అంటే కూడబెట్టకూడదు, వేడిచేయకూడదు. సోడియం అజైడ్ దగ్గర డీసీఎం (డైక్లోరోమీథేన్ ద్రావణి) వద్దు, ఆమ్లం వద్దు, లోహపు స్పాచులా వద్దు. వ్యర్థాన్ని సింకులో పోయకండి, రాగి, సీసం పైపుల్లో అది పేలే లవణంగా మారుతుంది. మే నెల గుంటూరులో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి, అజైడ్‌ని ఫ్రిజ్‌లో దాచి సెలవులకు ఊరెళ్లొద్దు. చేసిన రోజే తర్వాతి స్టెప్ కూడా కానిచ్చేయండి.