అమ్మమ్మ చెప్పిన ఊరు నిజంగా ఉందా?

"మాది ఏలేశ్వరం బిడ్డా, సాగర్ నీళ్ళల్ల మునిగింది" అనేది మా అమ్మమ్మ. సాగర్ అంటే కృష్ణ మీది నాగార్జునసాగర్. తమ్ముడు ఫోన్‌లో కొట్టి చూస్తే కాకినాడ జిల్లా ఏలేశ్వరం వచ్చింది. "ఊరు బాగానే ఉంది కదా అమ్మమ్మా" అన్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది. పేరు కలిసినంత మాత్రాన ఊరు దొరికినట్టు కాదని నాకు అప్పుడే తెలిసింది.

ఇలా పెద్దవాళ్ళు చెప్పిన పాత ఊరిని వెతకాలంటే, ముందు ఊరి చుట్టూ ఏమున్నాయో అడిగి రాసుకోండి. ఏ ఏరు, ఏ గుడి, సంతకు ఎక్కడికి పోయేవాళ్ళు? అమ్మమ్మ చెప్పింది కృష్ణ, గట్టు మీద శివుడి గుడి, దేవరకొండ. కాకినాడ వైపు ఏలేశ్వరం దగ్గర పారేది ఏలేరు. అక్కడే తేలిపోయింది.

తర్వాత జనాభా లెక్కల జిల్లా పుస్తకాలు చూడండి. 2011 జాబితాలో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరంకెల కోడ్ ఉంటుంది. జనాభా సున్నా అని ఉంటే ఊరే లేదనుకోకండి. తెలంగాణ రెవెన్యూ వాళ్ళు అలాంటి ఊరిని బేచిరాగ్ అంటారు, అంటే దీపం వెలగని ఊరు. ఇళ్ళు లేకపోయినా పేరు, సర్వే నంబర్లు రికార్డులో ఉంటాయి. తండాలు, గూడేలు చాలావరకు పెద్ద ఊరి కిందే కలిసిపోయి ఉంటాయి కాబట్టి విడిగా కనిపించవు. వాటి కోసం పంచాయతీలో అడగాల్సిందే. ఇంగ్లిష్ స్పెల్లింగ్ కూడా రెండు మూడు రకాలుగా మార్చి వెతకండి.

మునిగిన ఊళ్ళకు పాత మ్యాపే దిక్కు. సాగర్‌కు శంకుస్థాపన జరిగింది 1955 డిసెంబరులో, కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టులో. అంతకు ముందటి మ్యాప్ కావాలి. అమెరికా సైన్యం 1950లలో వేసిన 1:2,50,000 స్కేలు మ్యాప్ షీట్లు టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇప్పటి మ్యాప్‌లో జలాశయం నీలంగా కనిపించే చోట అందులో ఏరు, దాని ఒడ్డున ఊళ్ళు ఉంటాయి.

ఆన్‌లైన్ మ్యాప్‌లో పేరు కనిపిస్తే చాలనుకోవద్దు. అక్కడ పేర్లు మామూలు జనం కూడా చేర్చవచ్చు. పది సైట్లలో ఒకే వాక్యం ఉంటే అది ఒక్క సాక్ష్యం కిందే లెక్క.

చివరికి లాంచీ ఎక్కి ఏలేశ్వరం గట్టుకు పోయాం. అదిప్పుడు దీవి. అమ్మమ్మ గుడి మెట్ల మీద కూర్చుని నీళ్ళ వైపు వేలు చూపించి "మా ఇల్లు అటు" అంది.