అమెరికాలో న్యూక్లియర్ ఇంజినీరింగ్ ఎంఎస్: అప్లై చేసే ముందు జాగ్రత్తలు

ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిలోనే. ఫీజు కట్టేముందు ఇవి చూసుకోండి.

• లోను కంటే ముందు ఉద్యోగం సంగతి. రియాక్టర్ టెక్నాలజీ పని భారత పౌరుడికి ఇవ్వాలంటే కంపెనీ అమెరికా ఇంధన శాఖ నుంచి పార్ట్ 810 (అణు సాంకేతికత ఎగుమతి నిబంధనలు) కింద విడిగా అనుమతి తేవాల్సి రావచ్చు. దానికి నెలలు పడుతుంది. ఓపీటీలో (చదువు అయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసే అనుమతి) ఉద్యోగం లేకుండా ఉండనిచ్చేది 90 రోజులే. గత బ్యాచ్‌ల విదేశీ విద్యార్థులు ఎక్కడ చేరారో డిపార్ట్‌మెంటును సూటిగా అడగండి.

• యూఎన్ఎల్‌పీ (ఇంధన శాఖ ఇచ్చేది), ఎన్ఆర్‌సీ (అణు నియంత్రణ సంస్థ ఇచ్చేది) ఫెలోషిప్పులను లెక్కలో వేసుకోవద్దు. అవి అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మీకు మిగిలేది ఆర్ఏ, అంటే ప్రొఫెసర్ దగ్గర జీతానికి చేసే రీసెర్చ్ అసిస్టెంట్ పని. థీసిస్ ఉన్న ఎంఎస్‌లో అది దొరికే వీలెక్కువ.

• వీసా స్లాటు వీలైనంత ముందుకు. సున్నితమైన సబ్జెక్టు కాబట్టి అదనపు పరిశీలన పేరుతో వీసాను 221(జి) కింద ఆపొచ్చు. రెజ్యూమె, చదువు ప్రణాళిక, గైడు వివరాలు సిద్ధంగా ఉంచుకోండి.

• ఎస్ఓపీలో (అప్లికేషన్‌తో పంపే లక్ష్య వ్యాసం) ఎంసీఎన్‌పీ అనే న్యూట్రాన్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ వచ్చని ఊరికే రాయొద్దు. దాని లైసెన్సు అడిగినవాళ్లందరికీ ఇవ్వరు, ఎక్కడ వాడారంటే ఇరుక్కుంటారు. అలాంటిదే ఓపెన్‌ఎంసీ ఉచితం. ఒక్క ఫ్యూయల్ పిన్ (ఇంధన కడ్డీ) మోడల్ చేసి, న్యూట్రాన్ల సంఖ్య పెంచితే కే-ఎఫెక్టివ్‌లో (చైన్ రియాక్షన్ నిలుస్తుందో లేదో చెప్పే సంఖ్య) అనిశ్చితి ఎంత తగ్గిందో రెండు వాక్యాలు రాయండి. పేజీడు ఆశయాలకన్నా అవే నయం.