క్రూజర్ బండిని దూర ప్రయాణానికి సిద్ధం చేసుకోవడం ఎలా?

క్రూజర్ అంటే సీటు కిందకి ఉండి, కాళ్లు ముందుకు చాచి నడిపే మోటార్‌సైకిల్. మొదటి గంట దాని మీద కూర్చుంటే పడక కుర్చీలో వాలినట్టే ఉంటుంది. మూడో గంటకి నడుము లాగడం మొదలవుతుంది. ఐదో గంటకి రోడ్డు పక్కన చెట్టు నీడ ఎక్కడ కనిపిస్తుందా అని చూస్తుంటాం.

కారణం బండి ఆకారంలోనే ఉంది. కాళ్లు ముందుకు చాచి ఉంటాయి కాబట్టి అవి ఒంటి బరువును మోయవు. నడుము పైభాగం బరువంతా తోక ఎముక మీద పడుతుంది. గుంత వచ్చినప్పుడు మామూలు బండి మీదైతే ఫుట్‌పెగ్‌ల (పాదాలు ఆనించే కడ్డీల) మీద కాస్త లేచి దెబ్బ తప్పించుకుంటాం. క్రూజర్ మీద ఆ వీలు ఉండదు. చాలా క్రూజర్లలో వెనక సస్పెన్షన్ కదిలే దూరం కూడా తక్కువే, అందుకే కుదుపు నేరుగా వెన్నుకి తగులుతుంది. పైగా ఛాతీ ఎదురుగా పెట్టి కూర్చుంటాం కాబట్టి గాలి తెరచాపను తోసినట్టు మనిషిని వెనక్కి తోస్తుంది.

అందుకే నేను చెప్పే వరుస ఇది: ముందు ఒళ్లు, తర్వాత బరువు, ఆ తర్వాత కరెంటు పని, ఆఖరున అందం. చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు. సైలెన్సర్‌కీ, లైట్లకీ డబ్బంతా అయిపోయాక సీటు గుర్తొస్తుంది. చొక్కా కుట్టించుకునేటప్పుడు కొలతలు ఇచ్చాకే కదా గుండీల రంగు చూసుకుంటాం.

1. ఏమీ కొనకుండా ఒక రోజు నడపండి

బండి ఎలా ఉందో అలాగే తీసుకుని ఒక్క రోజులో 200 కిలోమీటర్లు తిరిగి రండి. జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి. ఆగిన ప్రతిచోటా ఎక్కడ నొప్పి వచ్చింది, ఎన్నో కిలోమీటరు దగ్గర మొదలైంది అని రాసుకోండి. ఏ భాగం మార్చాలో ఆ కాగితమే చెబుతుంది. తోక ఎముక నొప్పి పెడితే సీటు చూడాలి. వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య నొప్పి అయితే హ్యాండిల్‌బార్ మీకు దూరంగా ఉంది. వేళ్లు తిమ్మిరెక్కితే వైబ్రేషన్ కావచ్చు, మణికట్టు వంగిన కోణం కావచ్చు. మెడ పట్టేస్తే చాలాసార్లు తప్పు గాలిదే.

ఇంకో మాట. ఒకసారికి ఒక్కటే మార్చండి. నేను ఒకసారి సీటు, హ్యాండిల్‌బార్, ఫుట్‌పెగ్‌లు ఒకే రోజు మార్పించాను. నడుము నొప్పి పోయింది, కొత్తగా భుజం నొప్పి వచ్చింది. దేని వల్ల వచ్చిందో తేల్చడానికి మళ్లీ ఒక్కొక్కటీ విప్పుకుంటూ రావాల్సి వచ్చింది.

2. హ్యాండిల్‌బార్

ముందు డబ్బు ఖర్చు లేని పని చేయండి. బార్‌ను పట్టి ఉంచే క్లాంప్ బోల్టులు కాస్త వదులు చేసి బార్‌ను కొద్దిగా మీ వైపు తిప్పి చూడండి. క్లచ్, బ్రేక్ లివర్లను మీ ముంజేతి వాలుకు సరిగ్గా వచ్చేలా బార్ మీద తిప్పి బిగించండి. వేళ్లు లివర్ మీద పెట్టినప్పుడు మణికట్టు పైకీ కిందకీ వంగకుండా తిన్నగా ఉండాలి. చాలామందికి ఇక్కడే సమస్య తీరిపోతుంది.

అప్పటికీ చేతులు చాచాల్సి వస్తుంటే రైజర్లు (బార్ కింద పెట్టే ఎత్తు ముక్కలు) పెట్టించి బార్‌ను పైకి, వెనక్కి తెచ్చుకోవచ్చు. మోచేతులు కొంచెం వంగి ఉండాలి, పిడికిళ్లు భుజాల కంటే పైకి వెళ్లకూడదు. చేతులు ఎత్తిపెట్టుకున్నట్టుండే పొడవాటి బార్లు ఫొటోలో బాగుంటాయి కానీ గంటల తరబడి నడిపితే చేతుల్లోకి రక్తం సరిగా అందదు. కొన్నిచోట్ల చట్టం కూడా వాటిని ఒప్పుకోదు.

బార్ కదిలిందంటే కేబుళ్లు, బ్రేక్ హోస్, వైర్లు కూడా సాగాయని అర్థం. ఈ పరీక్ష తప్పకుండా చేయండి. బండిని ఆరుబయట నిలబెట్టి, న్యూట్రల్‌లో ఇంజన్ స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను ఎడమ చివరి వరకు, కుడి చివరి వరకు తిప్పండి. ఇంజన్ వేగం తనంతట తాను పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ పొట్టిదైపోయిందన్నమాట. మలుపులో అదే జరిగితే ప్రాణం మీదకి వస్తుంది. కాబట్టి పొడవు కేబుల్ వేయించాకే బండి బయటికి తీయండి.

3. సీటు

చేత్తో నొక్కి చూసి, మెత్తగా ఉందని సీటు ఎంచుకుంటే మోసపోతాం. మరీ మెత్తటి ఫోమ్ గంటలోపే అణిగిపోయి అడుగునున్న పలకకు ఎముక తగులుతుంది. దూరానికి కావలసింది కాస్త గట్టి ఫోమ్, వెడల్పైన చదును. బరువు ఒకేచోట కాకుండా పిరుదులంతటా పరుచుకోవాలి. కొత్త సీటు కొనే బదులు, ఉన్నదాన్ని మంచి సీటు పనివాడి దగ్గరికి తీసుకెళ్లి, దాని మీద కూర్చుని చూపించి ఫోమ్ మార్పించుకోవడమే నాకు నచ్చిన దారి. మీ ఒంటికి తగ్గట్టు వస్తుంది.

రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తు పెంచితే మోకాలికీ తుంటికీ చోటు దొరుకుతుంది. కానీ పాదాలు రెండూ నేలకు ఇంకా బాగా ఆనుతున్నాయో లేదో చూసుకోవాలి. బరువైన బండిని ఆపినప్పుడు నిలబెట్టేది పాదాలే. జెల్ ప్యాడ్ ఎండలో నిలిపిన బండి మీద బాగా వేడెక్కుతుంది. ఎక్కువ ఎండలో తిరిగేవాళ్లకు జాలీ కవరు గానీ గాలి దిండు గానీ మేలు. వెనక కూర్చునేవారు ఉంటే వీపుకి ఆనుకునే బ్యాక్‌రెస్ట్ పెట్టించండి. అది లేకపోతే వాళ్లు ప్రతి కుదుపుకీ మిమ్మల్నే పట్టుకుని ఊగుతారు, దాంతో ఇద్దరూ అలసిపోతారు.

4. కాళ్లు

కాళ్లు ఎప్పుడూ ఒకే భంగిమలో ఉండడమే అసలు బాధ. క్రాష్‌గార్డ్‌కు హైవే పెగ్‌లు (కాళ్లు చాచి పెట్టుకునే అదనపు ఫుట్‌పెగ్‌లు) బిగిస్తే అప్పుడప్పుడు చాచుకోవచ్చు. అయితే ఆ సమయంలో కాలు బ్రేక్ మీద ఉండదు, కాబట్టి ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద మాత్రమే వాడండి. ఫుట్‌పెగ్‌లనే ముందుకు జరిపితే గేర్ రాడ్, బ్రేక్ రాడ్ పొడవు కూడా మారుతుంది. వెనక బ్రేక్ లైటు సరైన సమయంలో వెలుగుతోందో లేదో గోడ ముందు బండి నిలిపి చూడండి.

5. గాలి, హోరు

విండ్‌షీల్డ్ పై అంచు మీ ముక్కు ఎత్తుకు వస్తే చాలు. చూపు దాని మీదుగా పోవాలి, అందులోంచి కాదు. వాన చినుకులు, పురుగులు, ఎదురు లైట్ల మెరుపు పడిన షీల్డ్‌లోంచి రాత్రి దారి చూడడం కష్టం. షీల్డ్ పెట్టాక హెల్మెట్ అదురుతుంటే ఎత్తు కంటే ముందు దాని వాలు మార్చి చూడండి. ఫోర్క్‌కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలకు) బిగించే పెద్ద షీల్డ్ పక్కగాలికి హ్యాండిల్‌ను లాగుతుంది. ఆ అలవాటు వచ్చేదాకా వేగం మెల్లమెల్లగానే పెంచండి.

వేగం 100 కిలోమీటర్లకు దగ్గరైతే హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ దాటుతుంది. చాలా దేశాల్లో పని చేసే చోట 8 గంటలకు 85 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టుకుంటారు. అంటే రోజంతా నడిపితే చెవులకు నిజంగానే హాని. నురుగు ఇయర్‌ప్లగ్‌లు, చట్టం ఒప్పుకునే చోట, పెట్టుకోండి. సాయంత్రానికి అలసట సగం తగ్గినట్టు అనిపిస్తుంది. ఇదే కారణంతో దూరం వెళ్లే బండికి పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ వద్దంటాను. పది నిమిషాలు గంభీరంగా వినిపించే ఆ శబ్దం పది గంటలైతే తలనొప్పి.

6. బరువు ఎంత, ఎక్కడ?

బండి మాన్యువల్‌లో మొత్తం అనుమతించిన బరువు ఉంటుంది. అందులోంచి బండి బరువు తీసేయండి. మొత్తం 380 కిలోలు, బండి 200 అనుకుంటే మిగిలింది 180. మీరు, వెనకవారు, సామాను, మీరు బిగించిన క్రాష్‌గార్డ్, షీల్డ్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. లెక్క వేస్తే చాలామంది ఇంటి గుమ్మం దగ్గరే హద్దు దాటుతున్నారని తెలుస్తుంది.

బరువైనవి కిందకి, ముందుకి, రెండు పక్కలా సమానంగా. పనిముట్లు, నీళ్లు సైడ్ బ్యాగుల అడుగున, బట్టలు పైన. వెనక ఇరుసు దాటి ఎత్తులో బరువు పెడితే ముందు చక్రం తేలికై, వేగంలో బండి ఊగడం మొదలుపెడుతుంది. తోలు సంచులు చక్రంలోకి వంగకుండా లోపలి వైపు ఇనుప సపోర్ట్ రాడ్లు తప్పనిసరి. సైలెన్సర్‌కూ సంచికీ మధ్య బాగా ఎడం ఉండాలి. వేలాడే పట్టీలను చుట్టి కట్టేయండి. కొక్కేలున్న సాగే తాళ్ల కంటే బకిల్ పట్టీలు నమ్మకం. కొక్కెం ఊడితే కంటికి తగలొచ్చు, చక్రంలో చుట్టుకోవచ్చు.

సామాను ఎక్కించాక మూడు సర్దుబాట్లు చేయాలి. వెనక షాక్ అబ్జార్బర్ల ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచే బిగువు) పెంచండి. టైరు గాలి మాన్యువల్‌లో పూర్తి బరువుకు చెప్పిన అంకెకు పెంచండి. మూడోది అందరూ మరిచిపోయేది హెడ్‌లైట్. వెనక భాగం కుంగితే లైటు పైకి లేస్తుంది. ఎదుటివారి కళ్లలో పడుతుంది, మీ రోడ్డు మాత్రం చీకటిగానే ఉంటుంది. కాబట్టి దాన్ని కిందకి దించండి.

7. కరెంటు పని

అదనపు లైట్లు పెట్టేముందు చిన్న లెక్క: వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 20 వాట్ల లైట్లు రెండు పెడితే 40 వాట్లు, అంటే సుమారు 3.3 ఆంపియర్లు. దానికి 5 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీకి దగ్గరగా. కరెంటు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చు) గుండా పోవాలి, తాళం తీస్తే ఆగిపోవాలి. బండి వైర్లను కోసి అతికించే పని ఒప్పుకోకండి. చీకటి దారిలో బండి ఆగిపోవడానికి ఇలాంటి అతుకులే కారణమవుతుంటాయి.

వోల్టులు కొలిచే చిన్న మల్టీమీటర్ ఉంటే మీరే చూసుకోవచ్చు. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ ఇంజన్ ఆపి ఉంటే 12.6 వోల్టుల పైన, నడుస్తుంటే 14 దగ్గర చూపాలి. లైట్లు, ఫోన్ చార్జర్ అన్నీ వేసి ఇంజన్‌ను ప్రయాణంలో ఉండే వేగంలో నడిపినా 13 కంటే కిందికి పడిపోతే బండి తయారుచేసే దానికంటే మీరు ఎక్కువ వాడుతున్నారు. ఫోన్ హోల్డర్ గురించి కూడా ఒక మాట: శక్తిమంతమైన బైక్ ఇంజన్ల వైబ్రేషన్ ఫోన్ కెమెరాను పాడుచేయవచ్చని 2021లో యాపిల్ సంస్థే హెచ్చరించింది. వైబ్రేషన్ తగ్గించే రబ్బరు ఉన్న హోల్డర్ తీసుకోండి.

8. రెండు వారాల ముందు సర్వీసింగ్

బయల్దేరే ముందు రోజు సర్వీసింగ్ చేయించకండి. సరిగా బిగించని బోల్టు ఏదైనా ఉంటే బయటపడడానికి కొన్ని రోజులు నడపాలి. ఇంజన్ ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు చూపించండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లు దాటితే మార్పించండి. చైన్ వదులు చాలా బండ్లలో 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్ చూడండి. బెల్టు ఉన్న బండైతే నూనె పెట్టకూడదు, పళ్ల మధ్య రాళ్లు ఇరుక్కున్నాయేమో చూస్తే చాలు.

టైరు పక్కన గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 1824 అంటే 2024లో 18వ వారం తయారైంది. టైరు గాట్లు లోతుగానే ఉన్నా, పక్కన పగుళ్లు ఉంటే నమ్మకండి. వెనక టైరు మధ్యలో అరిగి చదునైపోతే, మలుపులో బండి వంగడానికి మొండికేస్తుంది.

బోల్టులన్నీ సరైన బిగువులో బిగించాక, ప్రతి ముఖ్యమైన బోల్టు తల మీదుగా పక్క లోహం మీదకి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత విరిగి కనిపిస్తే బోల్టు కదిలిందని దూరం నుంచే తెలుస్తుంది.

9. పనిముట్లు

వెంట తీసుకెళ్లే పనిముట్లతోనే ఇంటి దగ్గర ఒకసారి పని చేసి చూడండి. వెనక చక్రం విప్పి బిగించండి, చైన్ సర్దండి, ఫ్యూజు మార్చండి. ఏ స్పానర్ లేదో అక్కడే తెలుస్తుంది. స్పోక్ చక్రాల్లో ఎక్కువగా ట్యూబు ఉంటుంది, కాబట్టి టైరు లివర్లు, కొత్త ట్యూబు కావాలి. ట్యూబ్‌లెస్ అయితే పంక్చర్ రంధ్రాన్ని మూసే ప్లగ్ కిట్ చాలు. రెండింటికీ చిన్న పంపు ఉండాలి. కొత్త క్లచ్ కేబుల్‌ను పాతదాని పక్కనే పరిచి కట్టేస్తే, తెగినప్పుడు చివర్లు మార్చుకుంటే సరిపోతుంది.

10. నిండు బరువుతో ఒక ప్రయాణం

ప్రయాణానికి వారం ముందు మొత్తం సామానుతో, వెనకవారు వస్తుంటే వారితో సహా, 150 కిలోమీటర్లు వెళ్లి రండి. ఖాళీ స్థలంలో గట్టిగా బ్రేక్ వేసి బండి ఎంత దూరంలో ఆగుతోందో చూసుకోండి. బరువుతో మైలేజీ ఎంతో ఇప్పుడే కొలవాలి. ట్యాంక్ 13 లీటర్లు, లీటరుకి 28 కిలోమీటర్లు వస్తే మొత్తం 364. ఆ లెక్కన 250 దగ్గరే బంకు కోసం చూడడం మొదలుపెట్టండి. చాలా క్రూజర్ల ట్యాంకులు చూడ్డానికి ఉన్నంత పెద్దవి కావు.

దారిలో ఒళ్లు నొప్పి పెట్టకముందే ఆగడం అలవాటు చేసుకోండి. గంటన్నరకి ఒకసారి దిగి పది నిమిషాలు నడిచి, దాహం వేయకపోయినా నీళ్లు తాగండి. గాలికి చెమట ఆరిపోతుంటే ఒంట్లో నీరు తగ్గుతున్నట్టు మనకు తెలియదు. సాయంత్రం బస దగ్గర ఇంజన్ ఆపాక, స్నానానికి వెళ్లేముందే టార్చి పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరగండి. బోల్టుల మీది గీతలు విరిగాయా, ఎక్కడైనా నూనె కారుతోందా, స్పోకులు వదులయ్యాయా చూసి, చైన్ ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే నూనె పట్టించండి. రాత్రంతా సమయం దొరికితే ఆ నూనె లోపలికి బాగా ఇంకుతుంది. టైర్లలో గాలి మాత్రం పొద్దున చూడండి, అవి చల్లగా ఉన్నప్పుడే మీటరు నిజం చెబుతుంది.